ముందు నోరు విప్పినవాళ్ళు

ఆ రోజు పొద్దున ఆకాశానికి ఏదీ తేల్చుకునే ఉద్దేశం ఉన్నట్టు లేదు. తూర్పున ఎండ ఒక చెంప చూపించి దాక్కుంది. పడమటి వైపు మబ్బు, పిండకుండా దండెం మీద పడేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. గాలి ఒకసారి వీచి, వచ్చిన పని మర్చిపోయినట్టు మధ్యలోనే ఆగిపోయింది. చీమలు మాత్రం తేల్చేసుకున్నాయి. పార్కు గేటు పక్క పుట్టలోంచి తెల్లటి గుడ్లు నోట కరచుకుని గట్టు మీదికి వరస కట్టాయి.

ఆ వరస పక్కనే బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి చూస్తున్నవాణ్ణి పిల్లలందరూ చీమల మాస్టారు అంటారు. స్కూళ్ళ నుంచి వచ్చే పిల్లల్ని చెట్ల మధ్య తిప్పి, పురుగూ పుట్రా చూపించి, సాయంత్రానికి ఒంటినిండా మట్టితో బస్సెక్కించడం అతని ఉద్యోగం. ఇంకా పెళ్ళి కాలేదు. ఆ మట్టి చూసి ఏ పిల్ల వస్తుందని వాళ్ళమ్మ బెంగ.

"లేవయ్యా బాబూ! స్కూలు బస్సొచ్చే వేళకి గైడు గేటు దగ్గర శవంలా పడుంటే పిల్లలు జడుసుకోరూ?"

పార్కు సూపరింటెండెంటు గారు. పొట్ట ముందు, మనిషి వెనక.

"వానొస్తుందండీ," అన్నాడు లేవకుండానే.

"నీ వాన సంగతి తర్వాత. నీ కోసం పిడుగు తెచ్చాను, ముందది విను."

పిడుగు ఇది. పెద్ద స్కూలొకటి మూడు వారాలు, వారానికో తరగతి చొప్పున, పిల్లల్ని పంపి చూస్తుంది. నచ్చితే ఏడాది పొడుగునా ఈ పార్కే. నచ్చకపోతే షాపింగ్ మాల్‌లో కొత్తగా పెట్టిన సైన్స్ సెంటరు. అక్కడ ఏసీ ఉంది. త్రీడీ కళ్ళజోళ్ళున్నాయి. పులి మొహం మీదికి దూకుతుంది గానీ గోకదు.

"వాళ్ళు మనవైపు వస్తే నువ్వు గైడువి. అటు పోతే పిల్లలే లేని గైడు నాకెందుకు? బాతుల కౌంటరులో కూర్చుంటావు."

చీమల మాస్టారు అప్పుడు లేచాడు.

బాతులంటే నిజం బాతులు కావు. పార్కు చెరువులో తిరిగే ప్లాస్టిక్ తొక్కుడు పడవలు. వాటి ముక్కుల ఎరుపూ, ఆ వెకిలి నవ్వూ చూసి అసలు బాతులు ఎన్నడో సిగ్గుపడి వలస పోయాయి. కౌంటరంటే ఒక గూడు, ఒక కిటికీ, తల విదిలించే ఫ్యాను. ఆ కిటికీలోంచి ఒక్క చెట్టయినా కనపడదు. ఎదురుగా మరుగుదొడ్ల గోడ కనిపిస్తుంది. ఆ గోడ మీద చీమలు కూడా పాకవు.

ఇంతలో బస్సొచ్చింది. ఆగీ ఆగకముందే లోపల్నుంచి విజిల్ మోగింది.

మెడలో ఎర్రతాడు, తాడుకి స్టీలు విజిలు, ఆ వెనక సైన్సు టీచరు. బడిలో ఆమెని విజిల్ మేడం అంటారు. ఒక విజిలంటే వరస. రెండంటే తలలు లెక్కపెట్టడం. మూడు మోగాయంటే ఎవడికో మూడిందన్నమాట. ఆరో తరగతి పిల్లలు విజిలుకి దిగి, విజిలుకి నిలబడి, విజిలుకి నడిచారు. వీళ్ళు తుమ్మాలన్నా విజిలు పడాలేమో అనుకున్నాడు మాస్టారు.

చెరువు మలుపు దగ్గర అతను పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట ఉంది. వీపు నీలం, పొట్ట ఇటుక రంగు, చూపు చేప మీద. పిల్లలు ఊపిరి బిగబట్టారు. పిట్ట మెడ చాచింది. ఇక దూకబోతోంది.

పీఁఁఁ... పీఁఁఁ.

పిట్ట చెరువు దాటింది. చేప బతికిపోయింది. చీమల మాస్టారు మెల్లగా వెనక్కి తిరిగాడు.

"మేడం, అది లకుముకి పిట్టండీ. సిటీ బస్సు కాదు, విజిలేస్తే కదలడానికి."

"కదిలిందిగా," అంది ఆమె, వేలితో తలలు లెక్కపెట్టుకుంటూనే.

"పిల్లలు అంతసేపు కూర్చున్నారు పాపం."

"చూడండి మాస్టారూ, నేను ఎంతమందిని తెచ్చానో అంతమందినీ అప్పజెప్పాలి. పిట్ట ఎగిరిపోతే మళ్ళీ వస్తుంది. పిల్లాడు ఎగిరిపోతే వాళ్ళమ్మ వస్తుంది."

దీనికి తగ్గ మాట కోసం అతను సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా వెతికాడు.

మధ్యాహ్నం అన్నాలు. ఆ పార్కులో భోజనానికొక పద్ధతి ఉంది. అతను పెట్టిందే. చెట్టు కింద గుండ్రంగా కూర్చుని, డబ్బా మూత తీసినప్పట్నుంచి తిరిగి మూత పెట్టేదాకా ఒక్కరూ మాట్లాడకూడదు. మనుషుల నోళ్ళు మూతపడితే ఉడతలు చెట్టు దిగుతాయి, పిట్టలు పక్కకొచ్చి వాలతాయి. ముందు నోరు విప్పినవాళ్ళు అందరి చెత్తా ఎత్తాలి. ఎంతటివాళ్ళకైనా ఇదే చట్టం. ఒకసారి సూపరింటెండెంటు గారు తుమ్మి "అబ్బా" అన్నందుకు అరటి తొక్కలన్నీ ఆయనే ఎత్తారు.

మూతలు తీశారు. చప్పుడు లేదు. ఉడత ఒకటి తలకిందులుగా దిగి, సగంలో ఆగి, ఈ కొత్త మౌనం మీద నమ్మకం కుదరక తోక ఆడించింది.

"ఒరేయ్, వాడేడిరా? కళ్ళజోడువాడు?"

విజిల్ మేడం. కళ్ళజోడువాడు సరిగ్గా ఆమె వీపు వెనక కూర్చుని గుడ్డు తింటున్నాడు.

పిల్లలెవరూ మాట్లాడలేదు. అందరి వేళ్ళూ ఒకేసారి చెత్త సంచీ వైపు తిరిగాయి. ఆ మొహాల్లో పండగ చూసి, ఏదో ఒక సాకు చెబుతుందని మాస్టారు ఎదురుచూశాడు. ఆమె చెప్పలేదు. అన్నం ముగించి, చున్నీ నడుముకి బిగించి, సంచీ అందుకుంది. కాగితాలు, తొక్కలు, పెంకులు, వెనకటి వారం ఎవరో పారేసిన సీసా మూతతో సహా ఎత్తింది. ఒకచోట మాత్రం వంగి, చెయ్యి చాపి, మళ్ళీ లేచి ముందుకి పోయింది. అక్కడ ఆపిల్ ముక్క అలాగే ఉంది.

"మేడం, అదొకటి మిగిలింది," అన్నాడు మాస్టారు. వదిలే రకం కాదు.

"దాని మీద మీవాళ్ళు భోంచేస్తున్నారు," అంది ఆమె. "అదీ నోరెత్తకుండా. మధ్యలో లేపడం మర్యాద కాదుగా?"

అతను వంగి చూశాడు. ముక్క నిండా చీమలు.

చీమల మాస్టారుకి ఎక్కడో చురుక్కుమంది. చీమ కుట్టి మాత్రం కాదు.

*

వాళ్ళమ్మ బట్టలు కుట్టే మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకున్నప్పుడు తప్ప మాట ఆపదు. రెండో వారం పొద్దున కొడుకుని చూసి సూదులు చేతిలోకి ఉమ్మేసింది.

"ఏరా, గడ్డం గీశావు, చొక్కా ఇస్త్రీ చేశావు. ఎవరన్నా పోయారా?"

"స్కూలువాళ్ళొస్తున్నారమ్మా."

"స్కూలువాళ్ళు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు. ఈ గడ్డం ఇవాళే పోయింది. పిల్ల ఎవర్రా?"

"పిల్ల కాదు. మేడం."

"మేడాలు ఆకాశంలోంచి ఊడిపడతారా? వాళ్ళూ ఒకప్పటి పిల్లలే. ఇదిగో, నా గొడుగు తీసుకెళ్ళు. మబ్బేసింది."

పార్కులో సూపరింటెండెంటు గారు కూడా ఆ గడ్డం లేని చెంపలు చూసి ముచ్చటపడ్డారు. "ఇదయ్యా పద్ధతి! మేడంతో కాస్త తియ్యగా మాట్లాడు. ఎండొస్తే గొడుగు పట్టు. వానొస్తే గొడుగు పట్టు. ఏదీ రాకపోయినా పట్టుకుని పక్కన నిలబడు."

"నాకు తియ్యగా మాట్లాడ్డం రాదండీ."

"అయితే అసలు మాట్లాడకు. నీ విషయంలో అదే తీపి."

ఏడో తరగతి దిగిన కాసేపటికే వాన దిగింది. ఇంకో గైడైతే పిల్లల్ని షెడ్డులోకి తోలేవాడు. మాస్టారు వాళ్ళకి రెయిన్‌కోట్లు తొడిగించి నత్తల్ని వెతకడానికి పంపాడు. నత్తలు బయటికొచ్చేదే అప్పుడు. పిల్లలు కేరింతలు కొడుతూ గడ్డిలో పడ్డారు. అందరూ కళ్ళ ముందే ఉన్నారు గనక విజిలు మెడలోనే ఉండిపోయింది.

గొడుగు ఒకటి, మనుషులు ఇద్దరు. సగం గొడుగు ఆమెకి. మిగతా సగం కూడా ఆమెకే.

"మాస్టారూ, మీరు తడిసిపోతున్నారు."

"మొక్కననుకోండి."

"మొక్కలు ఇంత ఎర్రబడవు."

"మిరప మొక్క."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి చెట్టు మీద పిట్ట ఏదీ లేచిపోలేదని అతను గమనించాడు. అలాంటివి గమనించడమే అతని జీతం.

"ఈ విజిల్ ఎక్కడ కొన్నారండీ? చెరువవతలిదాకా వినపడుతుంది."

"కొనలేదు. మా నాన్నది. ట్రాఫిక్ కానిస్టేబులు. రిటైరైన రోజు తెచ్చి నా మెడలో వేశాడు. 'అమ్మాయ్, జనం మంచిమాట వినరు. విజిలే వింటారు' అన్నాడు."

"ఇంట్లోనూ ట్రాఫికేనా?"

"రిమోట్ కావాలంటే నోటితో అడగడు. చెయ్యి చాపి కుడివైపు చూపిస్తాడు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ కావాలనే ఎడమవైపు వెళ్ళేది." ఆమె వాన వైపు చూసింది. "ఇప్పుడు ఎడమవైపు వెళ్ళేవాళ్ళెవరూ లేరు. నేనే తెచ్చిస్తాను."

అతను గొడుగు మరికాస్త అటు వంచాడు. ఆమె ఏదో అడగబోయి, పెదవి దాకా తెచ్చుకుంది.

అప్పుడే ఆఫీసు వరండాలోంచి, వాన హోరుని కూడా గెలుస్తూ ఒక గొంతు వినిపించింది.

"శభాష్! చెప్పింది చెప్పినట్టు చేస్తున్నావోయ్! అలాగే పట్టు గొడుగు! బుకింగ్ మనదే!"

వానకి ఏ మాట మింగాలో, ఏ మాట వదలాలో తెలియదు. ఆ మాటలు మాత్రం ఒక్క అక్షరం పోకుండా చేరవేసింది.

"ఓహో," అంది ఆమె.

ఓహోలు చాలా రకాలు. ఇది తలుపుకి లోపల్నుంచి గడియ పడిన రకం.

"మేడం, అది కాదండీ..."

"గొడుగూ, మిరప మొక్కా, అన్నీ ప్యాకేజీలోవేనా మాస్టారూ? తడవడానికి ఎక్స్‌ట్రా ఏమన్నా ఇస్తారా?"

"గొడుగు మా అమ్మదండీ."

"అమ్మగారిని కూడా దింపారన్నమాట పనిలోకి."

ఆమె గొడుగు కిందనుంచి వానలోకి నడిచింది. రెండు విజిళ్ళు. నత్తలు తలలు లోపలికి లాక్కున్నాయి. గొడుగు కింద ఇప్పుడు ఎవరూ లేరు. అతను ఇంకా దాన్ని అలాగే పట్టుకుని, పక్కన తడుస్తూ నిలబడ్డాడు.

*

మూడో వారం ఎనిమిదో తరగతితో పాటు హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చింది. బడిలో పెద్ద మేడం. సూపరింటెండెంటు గారు ఆవిడకి కుర్చీ వేయించి, తను ఇంకో కుర్చీలో కూర్చుని, మాస్టారు వైపు కళ్ళతో సైగలు చేయడం మొదలెట్టారు.

విజిల్ మేడం ఉంది. ఉందంటే ఉంది. "గుడ్ మార్నింగ్" అంది. అందులో గుడ్డూ లేదు, మార్నింగూ లేదు.

ఆ రోజు ఆట చెట్టు పరిచయం. ఒకరి కళ్ళకి గంతలు కట్టాలి. ఇంకొకరు చెయ్యి పట్టుకుని, దిక్కులు తెలియకుండా తిప్పితిప్పి ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. గంతలవాళ్ళు చెట్టుని తడమాలి, వాసన చూడాలి, చెంప ఆనించాలి. బయల్దేరినచోటికి వచ్చాక గంతలు విప్పి, తమ చెట్టు ఏదో వెతికి పట్టుకోవాలి. పిల్లలు ఇట్టే పట్టేశారు. పట్టలేనివాడు లేడు.

"నేనైతే ఈ పార్కులో ఏ చెట్టునైనా ఒక్క చేత్తో చెప్తా," అన్నాడు మాస్టారు. మామూలుగా ఏటా అనే మాటే. పెద్ద మేడం వింటోందని కాస్త గట్టిగా అన్నాడు.

"అయితే మీరాడండి సార్!"

"మేడం తీసుకెళ్ళాలి!"

"మేడమే! మేడమే!"

ఎనిమిదో తరగతి వాళ్ళకి పాఠాలు తప్ప మిగతావన్నీ అర్థమవుతాయి.

ఆమె గంతల గుడ్డ తీసుకుని వెనక నిలబడింది. ముడి బిగించిన తీరులో పోయిన వారం వానంతా ఉంది.

చీపురుపుల్ల పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో అతని మోచెయ్యి పట్టుకుని నడిపించింది. కుడికి, ఎడమకి, ఒక చుట్టు, ఇంకో చుట్టు. పల్లం దగ్గర అతను తడబడ్డాడు. ఆమె గబుక్కున అరచెయ్యి పట్టుకుంది.

"చూసుకోండి!"

"చూడకపోవడమే ఆటండీ."

పల్లం దాటాక ఆమె చెయ్యి వదలడం మర్చిపోయింది, లేదా మర్చిపోయినట్టుంది. తర్వాత ఆమె అతని చేతుల్ని ఒక మాను మీద ఆనించి, "ఇదే. బాగా తడిమి చూడండి," అంది. అతను తడిమాడు. తిరిగి వచ్చారు. గంతలు విప్పారు.

మాస్టారు ఒకసారి చుట్టూ చూసి, తడుముకోకుండా నడిచి వెళ్ళి ఒక చెట్టుని కావలించుకున్నాడు.

"ఇదే."

ఎనిమిదో తరగతి మొత్తం నేల మీద పడి దొర్లింది.

అతను కావలించుకున్నది జామ చెట్టు. పార్కు మొత్తంలో దానంత నున్నటి మాను లేదు. ఆమె తడమమన్నది ముళ్ళ బూరుగు. మానంతా శనగగింజల్లాంటి ముళ్ళు. పాలుతాగే పిల్లయినా మర్చిపోదు. మాస్టారు అరచేతులు చూసుకున్నాడు. ముళ్ళు అద్దిన ఎర్రటి చుక్కలు ఇంకా పోలేదు.

"ఈయనేనా మీ ఎక్స్‌పర్టు?" అంది పెద్ద మేడం.

సూపరింటెండెంటు గారు సైగలు మానేసి కళ్ళు మూసుకున్నారు.

విజిల్ మేడం జామ చెట్టు దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గించలేదు.

"ఏమయ్యింది మాస్టారూ మీకు? పెద్ద మేడం ముందు పరువు పోకూడదని, అన్నిటికన్నా తేలికైన చెట్టు చూసి తీసుకెళ్ళాను. ముళ్ళు కూడా తెలియలేదా?"

"చెట్టు చూడలేదండీ."

"మరేం చూశారు?"

"మీ చెయ్యి."

చుట్టూ "ఊఁఁఁ" అని లేచింది. ఆమె ఇటు తిరిగి చూసేసరికి అణిగిపోయింది.

"అరచేతిలో సుద్దపొడి ఉంది. ఎర్రసిరా కలం పట్టే వేలికి కాయ కాసింది. అడుగు పడ్డప్పుడల్లా విజిలు గుండీకి తగిలి టిక్కుమంటోంది. అవి చూసుకుంటూ ఉండిపోయాను. చెట్టు ఎప్పుడొచ్చిందో తెలియలేదు."

ఆమె చెవులదాకా ఎర్రబడింది. మరుక్షణం గొడుగు గుర్తొచ్చినట్టుంది. మొహం బిగుసుకుంది.

"ఇది కూడా సూపరింటెండెంటు గారు చెప్పమన్నదేనా?"

మాటకి మాట అంటించడం అతనికి రాదు. గట్ల మీద పెరిగిన మనిషికి నోటికన్నా కాలు ముందు కదులుతుంది. తిన్నగా కుర్చీల దగ్గరికి నడిచాడు.

"అయ్యా, రేపట్నుంచి నన్ను బాతుల కౌంటరులో వేసేయండి."

"ఇప్పుడెందుకయ్యా?"

"బుకింగ్ తేలకముందే వేయండి. తేలాక వేస్తే నాకు పనికిరాదు."

సూపరింటెండెంటు గారు ఏదో చెప్పబోయి, పెద్ద మేడం వైపు చూసి, మింగేశారు. మాస్టారు వెనక్కి తిరిగాడు.

"మేడం, ఇక మీ పిల్లలు పార్కుకొచ్చినా, మాల్‌కి పోయినా నాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఇప్పుడు చెప్పండి, నేనన్నది ఎవరో చెప్పమన్నదో, నాదో."

ఆమె నోరు తెరిచింది. అవతల డ్రైవరు హారన్ కొట్టాడు. ఎప్పటి అలవాటో, మాట రావలసినచోట విజిలొచ్చింది. పిల్లలు వరస కట్టారు. బస్సు వెళ్ళిపోయింది.

*

బాతుల కౌంటరులో ఫ్యాను తల విదిలిస్తూనే ఉంది. మరుగుదొడ్ల గోడ ఎక్కడికీ పోలేదు. చీమల మాస్టారు టికెట్లు చించుతూ, ఆ గోడ మీద నాచు ఏ వైపు పెరుగుతుందో చూస్తూ రోజులు నెట్టాడు. అవతల చెట్ల మధ్యనుంచి వేరే బడి పిల్లల అరుపులు వినిపిస్తే ఫ్యాను వేగం పెంచేవాడు. గడ్డం మళ్ళీ వచ్చేసింది. వాళ్ళమ్మ సూదులు నోట్లోనే ఉంచుకుని చూసి ఊరుకుంది. అది చూసే అతనికి భయం వేసింది.

శనివారం మధ్యాహ్నం కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది.

అతను తలెత్తలేదు. అవసరం లేకపోయింది. సుద్దపొడి. ఎర్రసిరా. వేలి మీద కాయ.

"గుర్తుపట్టారా?" అంది బయటినుంచి గొంతు. "లేకపోతే దీన్నీ జామ చెట్టే అంటారా?"

"ఎన్ని టికెట్లండీ?" అన్నాడు.

"ఒక బాతు కావాలి."

"ఇద్దరెక్కాలండీ. ఒక్కరే తొక్కితే గుండ్రంగా తిరుగుతుంది."

"అందుకే వచ్చాను. కౌంటరు మూసి రండి."

బాతు చెరువులోకి పోయింది. అతను తొక్కుతున్నాడు. ఆమె కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బాతు నవ్వుతూ అక్కడక్కడే గుండ్రంగా తిరగసాగింది.

"మీ బుకింగ్ ఎప్పుడు ఖాయమైందో తెలుసా?" అంది ఆమె రెండో చుట్టులో. "మొదటిరోజే. వెళ్తూ వెళ్తూ బస్సులోంచే పెద్ద మేడంకి ఫోన్ చేసి చెప్పేశాను. మా ఆరో తరగతి నోరు మూసుకుని అన్నం తింది, ఇంతకన్నా సైన్సు ఎక్కడుంది అని."

అతను తొక్కడం మానేశాడు.

"మరి రెండో వారం, మూడో వారం మీరెందుకు వచ్చారు?"

"ఏడు, ఎనిమిది తరగతులు నావి కావు. డ్రిల్లు మాస్టారు తీసుకురావాలి. నేను బతిమాలి పీరియడ్లు మార్చుకున్నాను. బదులుగా ఆయన పరీక్ష డ్యూటీలన్నీ నా నెత్తిన వేశాడు. వారమంతా కాపలా. అందుకే ఇన్నాళ్ళూ రాలేకపోయాను."

"ఎందుకండీ అంత కష్టం?"

"చీమల కోసం."

అతను మళ్ళీ తొక్కడం మొదలెట్టాడు. "మరి గొడుగు రోజు అంత కోపం దేనికండీ? బుకింగ్ ఇచ్చేశారుగా."

"ఇచ్చేశానని నాకు తెలుసు. మీకు తెలియదుగా! తెలియక పట్టారు గొడుగు. దేనికి పట్టారో నాకెలా తెలుస్తుంది?" ఆమె విజిలు తాడుని వేలికి చుట్టుకుంది. "ఆ రోజు మీరు బాతులు కావాలని అడిగాక తెలిసింది. చెప్దామనే నోరు తెరిచాను. విజిలొచ్చింది."

గట్టు మీద ఎవరో నడుస్తున్నారు. పొట్ట ముందు, మనిషి వెనక.

"ఏమండీ!" అని అరిచాడు మాస్టారు. "బుకింగ్ అయిందని మీకు తెలుసా?"

"మర్నాడే తెలుసు!" అని గట్టునుంచి సమాధానం వచ్చింది. "చెప్తే మళ్ళీ గడ్డం పెంచుతావని ఊరుకున్నాను! సోమవారం నుంచి చెట్లలోకి తగలడు. నీ బాతులు ఒక్కటీ గిట్టుబాటు కావడం లేదు!"

ఆయన వెళ్ళిపోయారు. బాతు ఇంకో చుట్టు తిరిగింది. ఎవరు ముందు మాట్లాడతారా అని బాతు కూడా చూస్తున్నట్టే ఉంది.

"పెళ్ళి చేసుకుందామండీ," అన్నాడు అతను నీళ్ళవైపు చూస్తూ.

"ముందు నోరు విప్పింది మీరు," అంది ఆమె. "ఇక బతుకంతా ఇద్దరి చెత్తా మీరే ఎత్తాలి."

అని, పెడల్ మీద కాళ్ళు పెట్టింది. బాతు తిన్నగా సాగింది. ఎటు సాగుతోందో ఇద్దరూ చూడలేదు గనక, పోయి అవతలి గట్టుని గుద్దుకుంది.

*

"ఒక చిక్కుంది," అంది ఆమె. "మా నాన్న. మొదలెడితే ఆపడు. ప్రశ్న మీద ప్రశ్న. ఇంతకుముందు వచ్చిన సంబంధం కుర్రాడు మధ్యలోనే మంచినీళ్ళకని లేచి, గోడ దూకి పోయాడు."

"మా అమ్మా అంతే. సూదులుంటేనే మేలు."

"ఇద్దర్నీ ఒక గదిలో పెడితే మన పెళ్ళి అక్కడే ఆగిపోతుంది. ఆయన ఔనంటే తప్ప నేను ఇంట్లోంచి కదలను మాస్టారూ. ఆయనకి నేను తప్ప ఎవరూ లేరు."

అతను అన్నాలు తినే చెట్టు వైపు చూశాడు. "ఆదివారం ఇక్కడికే తీసుకురండి. అన్నం వేళకి."

ఆదివారం విజిల్ మేడం నాన్న వచ్చారు. రిటైరైనా మీసం డ్యూటీలోనే ఉంది. గేటు దగ్గరే మొదలెట్టారు.

"ఏమయ్యా, నువ్వేనా? జీతమెంత? పర్మనెంటా? పిల్లలకి చీమల్ని చూపిస్తే డబ్బులెవడిస్తాడు? చొక్కా మీద ఆ మట్టేంటి?"

"అన్నయ్యగారూ, ఆ మట్టి సంగతి నన్నడగండి, ఎన్నేళ్ళుగా ఉతుకుతున్నానో," అని అప్పటికే వచ్చి ఉన్న మాస్టారు వాళ్ళమ్మ అందుకుంది. "మీ అమ్మాయి మెడలో ఆ విజిలేంటండీ, పిల్ల బస్సు కండక్టరా?"

మీసం లేచింది. పరిస్థితి చెయ్యిదాటబోతోంది. విజిల్ మేడం చెట్టు కింద కూర్చుని, గబగబా డబ్బా మూత తీసేసింది.

"నాన్నా, మూత తీశాం. ఇక మాట్లాడకూడదు. ముందు మాట్లాడినవాళ్ళు అందరి చెత్తా ఎత్తాలి. ఇక్కడి రూలు."

"ఎవడు పెట్టాడు రూలు?"

ఆమె వేలితో మాస్టారుని చూపించింది. ఆయన ఏదో అనబోయి ఆగారు. బతుకంతా రూలు కోసం ఎండలో నిలబడ్డ మనిషి. రూలంటే రూలే. బాసింపట్టు వేసుకుని కూర్చుని డబ్బా ముందుకి లాక్కున్నారు. వాళ్ళమ్మ కూడా కూర్చుంది. నోట్లో గుండుసూదులు లేకపోయినా, ఉన్నట్టే పెదాలు బిగించింది.

అన్నం తింటున్నారు. నోరు ఊరుకుంటే కళ్ళు పనిలోకి దిగుతాయి. చౌరస్తాలో నిలబడి వచ్చే బండినీ పోయే బండినీ కనిపెట్టిన కళ్ళు ఆయనవి. ఎండ జరిగిన కొద్దీ కుర్రాడు తను ఎండలోకి జరిగి తన కూతురికి నీడ వదలడం చూశారు. డబ్బా అంచున పాకుతున్న చీమని వేలి మీద ఎక్కించుకుని, గడ్డి పరక మీద దింపడం చూశారు. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం కుడివైపు చాచగానే, ఎవరూ చెప్పకుండానే నీళ్ళ సీసా ఎడమవైపు నుంచి వచ్చింది. తెచ్చింది ఆ కుర్రాడే.

ఆయన ఆ సీసా వైపు చాలాసేపు చూశారు. తర్వాత కూతురి వైపు చూశారు. ఆమె తల వంచుకుని అన్నం కెలుకుతోంది. మెడలో విజిలు కదలకుండా ఉంది.

ఆయన ముద్ద పక్కన పెట్టి, కుడి అరచెయ్యి ఎత్తి నిలిపారు. మిగతా ముగ్గురూ నమలడం ఆపేశారు. ఆయన వాళ్ళమ్మ వైపు తల తిప్పి, కనుబొమ్మ ఎగరేశారు. ఆవిడ పెదాలు విప్పకుండా తల ఊపింది. అప్పుడు ఆయన ఎడమచెయ్యి నిండుగా చాచి, మెల్లగా, ఎంతో పెద్ద బండిని వదులుతున్నవాడిలా, ఇద్దర్నీ ముందుకి పొమ్మని ఊపారు.

చెరువు మీదినుంచి నీలంగా ఏదో వచ్చి వంగిన కొమ్మ మీద వాలింది. నలుగురూ చూశారు. ఎవరూ ఎవరికీ చూపించలేదు.

మళ్ళీ అన్నం తినడంలో పడ్డారు.